కొండరాళ్ళ మీద సుద్దగుర్తులు

ఎవరైనా దారి చెబితే, ఇంకొకరిని అడిగి సరిచూసుకోకుండా నేను కదలను. లెక్కల మేష్టరుగా పనిచేసినవాడికి ఏ పిల్లవాడి జవాబు చూసినా పక్కవాడి పేపరులోంచి దింపినట్టే కనిపిస్తుందని మా ఆవిడ అంటుంది. రోజూ డైరీ రాసే అలవాటు కూడా నాకు అందులోంచే వచ్చి ఉంటుంది. ఫలానా రోజున నువ్వే ఇలా అన్నావు కదా అని రేపెవరైనా అడిగితే, అన్నానో లేదో చూసుకోవడానికి ఇంట్లో ఒక ఆధారం ఉండాలి.

అందుకే మా బావమరిది ఒక ఆదివారం ఫోను చేసి, "బావా, గేర్ల సైకిలు కొన్నాను. కొండెక్కుదాం పద" అన్నప్పుడు నాకు సంతోషం కంటే ముందు అనుమానం కలిగింది.

అతనిది చీపురుపల్లిలో ఇనుప సామాన్ల కొట్టు. నేను రిటైరైన కొత్తలో కొండదారులకు పనికొచ్చే లావు టైర్ల సైకిలు కొనుక్కుని, తెల్లవారుజామున విజయనగరం నుంచి రామతీర్థం దాకా తొక్కి రావడం మొదలుపెట్టినప్పుడు అందరికంటే ఎక్కువ వెక్కిరించింది అతనే. "రిటైరయ్యినోళ్ళు పేపరు సదువుకుంటారు, లేదంటే గుడికెల్తారు. మా బావని సూడండి, టోపీ ఎట్టుకుని రామతీర్థం దాకా తొక్కీసి, దేవుడికి దణ్ణమైనా ఎట్టకుండా ఎనక్కి వచ్చీసాడు" అని మేకులు కొనడానికి వచ్చినవాడికి కూడా చెప్పేవాడు. అలాంటి మనిషికి ఉన్నట్టుండి సైకిలు మీద మోజెందుకు?

మా ఆవిడ చేటలో కందిపప్పు చెరుగుతోంది. "మీ తమ్ముడు నా దగ్గర ఏదో దాస్తున్నాడు" అన్నాను.

ఆమె చేట ఆపింది. "మీకు చెప్పొద్దన్నాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలట. వచ్చే నెల ఆపరేషను. పగలు పరవాలేదు. సంజె పడిందంటే మాత్రం ఎదర ఉన్న మనిషి కూడా కనపడడు. ఆపరేషనంటే లోపల బెంగ. ఈలోపు ఒక్కసారి కొండ మీంచి కిందకి చూడాలని వాడి సరదా."

"అయితే వద్దని చెప్పు."

"నేను చెప్పను. తీసుకెళ్ళండి. కానీ చీకటి పడేలోపు వాణ్ణి కొండ దింపెయ్యాలి. పడి ఏ కాలో విరగ్గొట్టుకుంటే మా మరదలికి నేను మొహం చూపించలేను."

ఆమె కోరింది ఆ ఒక్కటే. నేను మాట ఇచ్చాను.

ఇచ్చాక ఏర్పాట్లు మొదలుపెట్టాను. అతను కొన్న సైకిలు ఎవరో వాడి అమ్మినది. బ్రహ్మాండంగా ఉందని అమ్మినవాడు చెప్పాడంటేనే అందులో ఏదో లోపం ఉన్నట్టు. తిరగేసి చూస్తే వెనక బ్రేకు రబ్బర్లు అరిగిపోయి ఇనుము తేలింది. మార్పించాను. ట్యూబులు, పంపు, తాడు, వేరుశనగ ఉండలు, పులిహోర సర్దాను. దారి కోసం శృంగవరపుకోటలో ఉండే నా పాత విద్యార్థినీ, ఆ కొండల్లో తిరిగిన ఒక ఫారెస్టు ఉద్యోగినీ విడివిడిగా అడిగాను. పైన గూడెం వరకూ బండిదారి, అక్కణ్ణించి కాలిబాట అని ఇద్దరూ చెప్పారు. చీలికలు చాలా ఉంటాయని కూడా చెప్పారు. ఫోనులో మ్యాపు ఉంది కదా అన్నాడు బావమరిది. కొండలో సిగ్నలు ఉంటుందని నీకెవరు హామీ ఇచ్చారు అన్నాను. ఇంట్లో బడి రోజుల నాటి సుద్దముక్కల పెట్టె ఇంకా ఉంది. అందులోంచి గుప్పెడు తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. చీలిక వచ్చినచోటల్లా రాతి మీద ఒక బాణం, పక్కన వరస నంబరు. దిగేటప్పుడు నంబర్లు వెనక్కి చూసుకుంటూ వచ్చేస్తే సరి.

అతను చేసుకున్న ఏర్పాటు వేరు. కొట్టులోంచి రెండు జాకెట్లు తెచ్చాడు, రోడ్డు పనివాళ్ళు వేసుకునే రకం, వెలుతురు పడితే మెరిసే పట్టీలున్నవి. నాకు సైకిలు హెల్మెట్టు ఉంది. అతనికి లేదు. అందుకని కట్టడాల దగ్గర పెట్టుకునే పసుపుపచ్చ టోపీ ఒకటి నెత్తిన పెట్టుకుని వచ్చాడు. దాని మీద ధర చీటీ కూడా తియ్యలేదు.

"ఇదేమిటోయ్?"

"తల కాయడానికి ఏదైతే ఏటి బావా? ఇటిక పడితే ఆగే టోపీ, నేను పడితే ఆగదేటి?"

పుష్యమాసం. సామాన్ల ఆటోలో సైకిళ్ళు వేసుకుని తెల్లారకముందే బయల్దేరి, తారురోడ్డు ఆగిపోయే ఊళ్ళో దిగాం. సాయంత్రం ఎండ ఉండగానే వచ్చి మా కోసం ఉండమని ఆటో అతనికి చెప్పాను. కొండలు పడమటి వైపు. మైదానంలో ఇంకా ఎండ కాస్తుండగానే ఆ వాలు మీద నీడ పడిపోతుంది. అది కూడా లెక్కలోకి తీసుకున్నాను.

అక్కడ ఒక టీ కొట్టు. మఫ్లరు చుట్టుకున్న ఒకతను మేం దిగినప్పటి నుంచీ మమ్మల్నే చూస్తున్నాడు. ముందు సైకిళ్ళు, తర్వాత జాకెట్లు, ఆ తర్వాత నా హ్యాండిలుకి బిగించిన, దూరం చూపే చిన్న మీటరు.

"ఎక్కడికి బాబూ?"

"పైకి."

"పైనేటున్నాది?"

అపరిచితుడికి మన దారి చెప్పడం నాకు ఇష్టం ఉండదు. "ఊరికే, చూడ్డానికి" అన్నాను.

"ఊరికేనా?" అతను పసుపు టోపీ వైపు చూశాడు. "ఏ డిపార్టుమెంటు బాబూ తమది?"

"రిటైర్డు."

"రిటైర్డంటే డిపార్టుమెంటు కాదు గదా" అన్నాడు బల్ల మీద కూర్చున్న ముసలాయన.

"మా బావది లెక్కల డిపార్టుమెంటు" అన్నాడు బావమరిది, టీ ఊదుకుంటూ. నవ్వుతారని అనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. మఫ్లరతను కొట్టు వెనక్కి వెళ్ళి ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడ్డం నేను చూశాను. సైకిళ్ళ మీద కన్నేశారని నిశ్చయించుకున్నాను. పైన ఎక్కడ ఆగినా రెండు సైకిళ్ళకీ కలిపి గొలుసు వెయ్యాలని బావమరిదికి చెప్పాను.

"నువ్వు గుళ్ళోకెళ్ళినా సెప్పులకి తాళమేసీ రకం బావా" అన్నాడు అతను.

ఎక్కడం మొదట్లో తేలికే. జీడిమామిడి తోటల మధ్య ఎర్రమట్టి దారి. అన్నిటికంటే తేలిక గేరులో పెట్టి, నడిచే మనిషి కంటే కొంచెం నెమ్మదిగా తొక్కుకుంటూ పోయాం. ఆ తర్వాత వానకి కోసుకుపోయిన గండ్లు మొదలయ్యాయి. చక్రం గండిలోకి దిగితే పెడలు అంచుకి కొట్టుకుంటుంది. అంచు మీద పోదామంటే గులకరాళ్ళు జారతాయి. వెనక చక్రం ఉన్నచోటే తిరిగి, దుమ్ము లేపి, మనిషిని పక్కకి తోసేస్తుంది. ముందు చక్రం లేవకుండా నేను హ్యాండిలు మీదికి వాలి తొక్కుతుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టున్నాయి. వెనక బావమరిది రొప్పు చైను చప్పుడు కంటే గట్టిగా వినిపిస్తోంది. దిగి తోసినచోట్లు, తొక్కినచోట్ల కంటే తక్కువేమీ కావు. ఒక గెడ్డ దగ్గర నీళ్ళలో పాచి పట్టిన బండలు. సైకిళ్ళు భుజాన వేసుకుని దాటాం.

చీలిక వచ్చినప్పుడల్లా ఆగి సుద్దముక్క తీసేవాణ్ణి. నిలువుగా ఉన్న బండ చూసుకుని బాణం గీసి, నంబరు వేసి, రెండడుగులు వెనక్కి వేసి స్పష్టంగా ఉందో లేదో చూసుకునేవాణ్ణి.

"కింద సంతకం కూడా ఎట్టీ బావా" అనేవాడతను. ఆగడం అతనికి ఊపిరి తీసుకునే అవకాశం కాబట్టి అంతకు మించి విసుక్కోలేదు.

ఐదో గుర్తు దగ్గర నేను తప్పాను. ఎడమవైపు బాణం గీసి ఆ దారినే వెళ్ళాం. కొంత దూరం పోయేసరికి బాట ఒక లోతైన వాగు అంచున తెగిపోయింది. వెనక్కి వచ్చి ఆ బాణాన్నీ అంకెనీ అరచేత్తో తుడిచేశాను. ఎదర బండ మీద కుడివైపు బాణం గీసి ఆరు అని వేశాను.

"ఐదు తుడిపీసేవు గదా, మళ్ళీ ఐదే ఎయ్యొచ్చు కదేటి?"

"తప్పిన లెక్క కొట్టేస్తే కొట్టేసినట్టే. అదే నంబరు ఇంకోచోట వాడకూడదు" అన్నాను. బళ్ళో ఏళ్ళ తరబడి చెప్పిన మాటే.

అక్కడ పైన, ఎక్కడో, ఈల వినిపించింది. పక్షి కూత కాదు. కాసేపటికి ఇంకోవైపు నుంచి అలాంటిదే మరొకటి. బావమరిది పశువుల కాపరులన్నాడు. పశువులు ఒక్కటీ కనిపించలేదు. కట్టెలమోపుతో ఎదురొచ్చిన ఒకామె మమ్మల్ని చూసి బాట దిగి, చెట్టు వెనక్కి వెళ్ళి నిలబడింది. గూడెం ఇంకెంత దూరమమ్మా అని అడిగితే బదులు లేదు.

గూడెం చేరేసరికి చాలా తలుపులు వేసి ఉన్నాయి. ఒక ఇంటి అరుగు మీద కొండచీపుళ్ళు కట్టలు కడుతున్న ముసలామె చెయ్యి ఆపలేదు. మంచినీళ్ళు అడిగితే నడికారు మనిషి ఒకామె లోపల్నుంచి చెంబు తెచ్చి అరుగు మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడింది. నడుముకి కొడవలి. మేం తాగినంతసేపూ నా జేబు వైపే చూసింది. జేబులో సుద్దముక్కలతో పాటు పర్సు కూడా ఉంది. నేను చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"మిగతావాళ్ళంతా ఏరమ్మా?" అన్నాను.

"ఉన్నారు" అంది. అంతే.

ఎక్కడ ఉన్నారో చెప్పలేదు. అది నాకు నచ్చలేదు. అక్కణ్ణించి పైదాకా ఎవరో మమ్మల్ని కనిపెట్టుకుని వస్తున్నట్టే ఉంది. ఆగితే ఎక్కడో ఆకు చప్పుడు ఆగేది.

మరి మూడు గుర్తులు వేశాక కొండనెత్తి వచ్చింది. చెట్లు ఆగిపోయి, పూతకొచ్చిన వలిసె చేలు ఒక్కసారిగా పసుపుపచ్చగా పరుచుకున్నాయి. తూర్పు వైపు మైదానం, మంచు కరిగిన నేల, చెరువులు అద్దం ముక్కల్లా. బావమరిది సైకిలు పడేసి చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. కళ్ళు చికిలించి, చెయ్యి అడ్డం పెట్టి, చెయ్యి తీసి మళ్ళీ చూశాడు.

"అదేటి బావా, ఆ తెల్లటిది?"

"చెరువు."

"ఈ పక్కదో?"

"అదీ చెరువే."

"బావుంది" అన్నాడు. ఎంత కనిపించిందో నేను అడగలేదు. పులిహోర తిన్నాం. అతన్ని ఇంకాసేపు చూడనివ్వాలని ఉన్నా, నీడలు చూసుకుని లేచాను.

దిగేటప్పుడు తొమ్మిదో గుర్తు ఉండాల్సిన బండ తడిగా ఉంది. బాణం లేదు, అంకె లేదు. వాన లేదు, మంచు లేదు. అక్కడికి నీళ్ళు ఎలా వచ్చాయి?

నేను బావమరిది వైపు తిరిగాను. "ఇది వేళాకోళం చేసే చోటు కాదు."

"ఏటి?"

"వస్తున్నంతసేపూ నా వెనక ఉన్నది నువ్వే. నీ సీసాలో నీళ్ళు తగ్గాయి."

"తాగితే తగ్గవేటి! నేనెందుకు సెరుపుతాను బావా? సీకటి పడితే కనపడనిది నీకా, నాకా?" అతని గొంతు మారింది. "అక్క సెప్పీసింది కదూ నీకు? సెప్పీసుంటాది. అందుకేనా పొద్దుటి నుంచీ గాజుబొమ్మని మోసినట్టు మోస్తన్నావు?"

ఆ మలుపు నాకు గుర్తుంది కాబట్టి కిందకి దిగాం. ఎనిమిదో గుర్తు దగ్గర కూడా రాయి తడిగానే ఉంది. అక్కడ రెండు బాటల్లో ఒకదానికి ముళ్ళకొమ్మలు అడ్డం వేసి ఉన్నాయి, పచ్చివి, అప్పుడే కొట్టినవి.

ఎవరో పని కట్టుకుని మా దారి తప్పిస్తున్నారు. అంటే వాళ్ళు మూసిన దారే మా దారి, తెరిచి ఉంచినది ఉచ్చు. నాకు అందులో సందేహమే కలగలేదు. ముళ్ళకొమ్మలు ఈడ్చి పారేసి ఆ బాటలో దిగాం. బాగా ఏటవాలు. సీటు వెనక్కి జరిగి, రెండు బ్రేకులూ బిగబట్టి జారుకుంటూ పోయాం. చేతివేళ్ళు తిమ్మిరెక్కాయి. బావమరిది రెండుసార్లు పడ్డాడు. రెండోసారి లేవడానికి కొంచెం సేపు పట్టింది. చివరికి ఆ బాట ఒక జీడితోటలోకి వెళ్ళి, తోట అంచున కొండ కోసేసినట్టు తెగిపోయిన చోట ఆగింది. ఆ ముళ్ళకంచె మేకలు ఆ తోటలోకి పోకుండా వేసినది.

తిరిగి సైకిళ్ళు తోసుకుంటూ ఎక్కేసరికి వాలంతా నీడ. మైదానంలో మాత్రం ఇంకా ఎండ ఉంది. బావమరిది ఒక చేత్తో తన సైకిలు తోస్తూ, రెండో చేత్తో నా సైకిలు సీటు పట్టుకుని నడుస్తున్నాడు. ఎందుకని అడిగితే, "ఊరికే" అన్నాడు.

ఎనిమిదో గుర్తు బండ దగ్గర మా కోసం నలుగురు నిలబడి ఉన్నారు. నీళ్ళిచ్చిన ఆమె, గూడేనికి చెందిన ఒక ముసలాయన, ఇద్దరు కుర్రాళ్ళు. పారిపోవడానికి దారి లేదు.

"సైకిళ్ళు కావాలంటే తీసుకోండి, మమ్మల్ని కిందకి పోనివ్వండి" అన్నాను.

"నీ సైకిళ్ళెవులిక్కావాల?" అందామె. "రాళ్ళ మీద ఏటి రాసినావు?"

"దారి గుర్తులు. మళ్ళీ దిగడానికి."

"ముందొచ్చినోళ్ళూ ఇలగే సెప్పినారు. రోడ్డేస్తామన్నారు, ఇలాటి జాకెట్లే. రాళ్ళకి ఎర్రరంగు ఏసేరు, నంబర్లు ఏసేరు. మావు సంబరపడి కోడిని కోసి కూడెట్టినాం. తరవాత తెలిసింది, రోడ్డు నేదు ఏటీ నేదు, ఇక్కడ నీళ్ళు నిలబెడతారంట. మా గూడెం, మా వలిసె సేలు, అన్నీ ములిగిపోతాయంట. కిందనుంచి ఫోనొచ్చింది, టోపీలోళ్ళు మళ్ళీ ఎక్కుతన్నారు, ఎందుకో సెప్పడం నేదని."

"అమ్మా, నేను మేష్టర్ని. బడి మేష్టర్ని."

"మేష్టరైతే బళ్ళో రాయాల. బండల మీదేటి?"

బావమరిది టోపీ తీసి చాచాడు. "ఈ టోపీ నా కొట్లోది తల్లీ. సూడు, ధర సీటీ కూడా ఉన్నాది. నేను మేకులమ్ముకునేవోణ్ణి."

ఒక కుర్రాడు చీటీ చూశాడు. "కొత్త టోపీ అంటే కొత్తగా పన్లో సేరినాడన్నమాట."

"నీ నంబర్లు అన్నీ సెరిపీసినాం" అంది ఆమె. "ఒకటి నుంచి తొమ్మిది దాకా. ఐదు ఒకటే దొరకనేదు. ఐదేది?"

"అది నేనే తుడిచేశాను. దారి తప్పాను."

"అప్పుడూ ఒక నంబరు దొరకనేదు. తరవాత మా సేను నడిమధ్యన రాయి పాతి ఉన్నాది. ఐదు ఎక్కడేసేవో సూపెట్టు. సూపెట్టకుండా కదిలేది నేదు."

తప్పిన లెక్క నంబరు మళ్ళీ వాడకూడదన్న నియమం వాళ్ళకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. చెబితే నమ్మేట్టుందా? నేనైతే నమ్మేవాణ్ణి కాదు. "చూపిస్తాను. కానీ ముందు ఇతన్ని కిందకి దింపండి. చీకటి పడితే ఇతనికి కళ్ళు కనపడవు" అన్నాను.

"ఇందాకట్నుంచీ సైకిలు తొక్కలేదేటి?" అన్నాడు రెండో కుర్రాడు.

ఆమె అతన్ని ఆగమంది. నడుముకున్న కొడవలి తీసి, చప్పుడు కాకుండా బావమరిది దగ్గరికి వచ్చి, దాని కొస అతని కంటికి జానెడు దూరంలో పట్టుకుంది. నేను అరిచాను. అతను నా అరుపు వచ్చిన వైపు తిరిగాడు. "ఏటయ్యింది బావా?" అన్నాడు. కొడవలి ముందు అతని రెప్ప కదలలేదు.

ఆమె కొడవలి దించి నడుములో దోపుకుంది. "నిజవే, కనపడ్డం నేదు" అంది మిగతావాళ్ళతో.

అప్పుడు అతనికి అర్థమైంది. "నా కళ్ళ దగ్గరేదో ఎట్టినారు కదా? ఏటది?"

"ఆకు" అందామె.

ముసలాయన వచ్చి బావమరిది చెయ్యి తీసి తన భుజం మీద వేసుకున్నాడు. ఇద్దరు కుర్రాళ్ళూ సైకిళ్ళు పట్టుకున్నారు. వాళ్ళ వెనక నేను, నా వెనక ఆమె. నా సైకిలు పట్టుకున్న కుర్రాడు కాస్త చదునైన చోటు రాగానే ఎక్కి తొక్కాడు. మలుపు తిరిగి కనిపించకుండా పోయాడు. పోయింది అనుకున్నాను. మలుపు తిరిగేసరికి అక్కడే నిలబడి గేర్లు తిప్పి చూస్తున్నాడు.

గూడెం దాటేటప్పుడు తలుపులు తెరిచి ఉన్నాయి. పొద్దున్న లేని మనుషులందరూ గడపల్లో నిలబడి చూశారు.

ఆరో గుర్తు వేసిన చోటికి వచ్చేసరికి ఆకాశంలో కొంచెం వెలుతురే మిగిలింది. ఫోను లైటు వేసి నేను తుడిచిన బండ కోసం వెతికాను. ఒకటి చూశాను, కాదు. ఇంకొకటి, కాదు. పొద్దున్న చూసిన రాళ్ళు ఆ వెలుతురులో వేరేగా ఉన్నాయి. "ఇక్కడే" అని నేను అంటున్నకొద్దీ నా మాట నాకే అబద్ధంలా వినిపించింది. బావమరిది ముసలాయన భుజం మీద చేత్తోనే నిలబడి, "ఎడం పక్క సూడు బావా, నువ్వు గీస్తంటే నేను సైకిలు ఆనించింది ఎడం పక్క సెట్టుకే" అన్నాడు.

ఎడమవైపు చెట్టు పక్కనే దొరికింది. పొడిచేత్తో తుడిచింది కాబట్టి గరుకు రాతి సందుల్లో సుద్ద ఇంకా ఉంది. ఆమె వంగి, వేలు తడి చేసుకుని గీతల వెంట నెమ్మదిగా తిప్పింది. ఇందాక ధర చీటీ చూసిన కుర్రాడు చదువుకున్నవాడిలా ఉన్నాడు, మొహం దగ్గరగా పెట్టి చూశాడు.

"ఐదే" అన్నాడు.

"బాణం ఎటేపు?"

"వాగేపు."

"వాగేపు ఏటున్నాది నీకు?" అందామె నాతో.

"ఏమీ లేదు. అందుకే తుడిచాను."

ఆమె చాలాసేపు నా మొహం చూసింది. బళ్ళో నేను పిల్లల్ని అలాగే చూసేవాణ్ణి. తర్వాత సొరకాయబుర్రలో నీళ్ళు నా చేతికిచ్చింది. "పూర్తిగా కడిగీ."

నేను గుప్పెడు ఆకులు తుంపి ఆ బండని కడిగాను. చాలదంది. ఇంకోసారి కడిగాను. ఆమె వేలు పెట్టి రాసి, వేలు లైటు దగ్గర చూసుకుంది. అప్పుడు కదలనిచ్చింది.

మిగతా దారంతా నడకే. ముసలాయన అడుగడుక్కీ చెబుతున్నాడు: "ఇక్కడ రాయి బాబు, కాలెత్తు. ఇక్కడ గొయ్యి, నా యెనకే ఎట్టు. ఇప్పుడు గెడ్డ, సల్లగుంటాది, జడుసుకోకు." మా బావమరిది నోరు ఊరుకునేది కాదు. చీపుళ్ళు ఎవరు కొంటారు, ఎంతకి కొంటారు, శృంగవరపుకోటలో వర్తకుడు తూకంలో ఎంత నొక్కేస్తాడు అని అడుగుతూనే ఉన్నాడు. ముసలాయన ఒకసారి నవ్వినట్టు కూడా వినిపించింది. నేను మాత్రం వీళ్ళు మమ్మల్ని నిజంగా కిందకే తీసుకెళ్తున్నారా అని నేల వాలు చూసుకుంటూ నడిచాను. గెడ్డ వచ్చాకే నమ్మాను. అది పొద్దున్న దాటిన గెడ్డే.

టీ కొట్టు దీపం కనిపించింది. ఆటో ఉంది. మఫ్లరతను కూడా ఉన్నాడు, బల్ల మీంచి లేచి నిలబడ్డాడు. బావమరిది కాలి కింద తారు తగలగానే ఆగి, పాదంతో రెండుసార్లు తట్టి చూసుకున్నాడు. ముసలాయన భుజం మీంచి చెయ్యి తీశాడు.

"దండాలు తాతా. చీపురుపల్లి వస్తే కొట్టుకి రా."

ముసలాయన ఆమె వైపు చూశాడు.

నేను కృతజ్ఞతలు చెప్పబోయాను. ఆమె వినలేదు. చదువుకున్న కుర్రాడితో ఏదో అంది. అతను ఫోను తీశాడు.

"ఇద్దరూ పక్కపక్కన నిలబడండి బాబూ. సైకిళ్ళు కూడా పడాల. ఆటో నంబరు కూడా."

"ఫొటో ఎందుకు?" అన్నాను.

"మళ్ళీ ఎవులైనా వచ్చి మావు ఊరికే వచ్చినామంటే, మీరో కాదో సూసుకోడానికి" అందామె.

మేం నిలబడ్డాం. కొట్టు దీపం మా మొహాల మీద పడేలా మఫ్లరతను పక్కకి తప్పుకున్నాడు. మా బావమరిది దీపం వైపు తిరిగి, పెళ్ళిఫొటోకి నిలబడ్డట్టు నవ్వుతున్నాడు.

"అటు కాదు బాబూ, ఇటు, ఇటు" అన్నాడు కుర్రాడు.

నేను అతని భుజం పట్టుకుని ఫోను వైపు తిప్పాను. ఫొటో తీశారు. నలుగురూ తలలు దగ్గర పెట్టి, వేళ్ళతో పెద్దది చేసి, ముందు నా మొహం, తర్వాత అతని మొహం జాగ్రత్తగా చూసుకున్నారు.

"సరే, ఎల్లండి" అందామె.